ఆగి ఉన్న కారు డోరు తగిలింది: కేసు నడిచిన పదమూడు నెలలు

2024 ఆగస్టు 20, మంగళవారం, పొద్దున 7.10. బెంగళూరు మారతహళ్ళి దగ్గర ఔటర్ రింగ్ రోడ్డు సర్వీసు రోడ్డులో ఎడమ అంచున ఆపి ఉన్న కారు డ్రైవరు వెనక్కి చూడకుండా కుడి డోరు తీశాడు. డోరు అంచు నేను తొక్కుతున్న సైకిల్ హ్యాండిల్ ఎడమ కొసకు తగిలింది. హ్యాండిల్ గిర్రున ఎడమకు తిరిగింది, నేను కుడి భుజం మీద రోడ్డు మధ్యలో పడ్డాను. కాలర్ బోను విరిగింది. నష్టపరిహారం అకౌంట్లో పడేసరికి 2025 సెప్టెంబరు వచ్చింది. ఈ మధ్యలో రోడ్డు మీద గుమిగూడిన జనం మొదలు ఇన్సూరెన్స్ వాళ్ళ వకీలు దాకా అందరూ అడిగింది ఒకే ప్రశ్న: "కారు ఆగి ఉంది కదా, ఇది యాక్సిడెంట్ ఎట్లా అవుతుంది?" డోరు దెబ్బ ఈ ఊళ్ళో సైకిల్ తొక్కేవాళ్ళకి కొత్త కాదు. దాన్ని కేసుగా చివరిదాకా నడిపినవాళ్ళు తక్కువ. అందుకే ఏది ఎప్పుడు జరిగిందో, ఎక్కడ ఇరుక్కుందో వరుసగా రాస్తున్నాను.

మొదటి పావుగంట నొప్పి తెలియలేదు, చెయ్యి పైకి లేవలేదంతే. ఆ పావుగంటలోనే బేరం మొదలైంది. "రెండు వేలిస్తాను సార్, డాక్టరుకి చూపించుకోండి" అన్నాడు డ్రైవరు. చుట్టూ ఉన్నవాళ్ళు అతని పక్షమే. "సైకిలే కదా, ఓ పక్కగా పోవచ్చు కదా!" నేను పోతున్నది పక్కగానే. ఆ పక్కనే డోర్లు తెరుచుకుంటాయి.

ఎడమ చేత్తో తీసిన ఐదు ఫొటోలే కేసును నిలబెట్టాయి: కారు నంబరు, ఇంకా తెరిచే ఉన్న డోరు, కారు ఎడమ చక్రానికీ ఫుట్‌పాత్‌కీ మధ్య దూరం, సైకిల్ పడిన చోటు, డోరు అంచు మీద గీత. అన్నిటికన్నా ముఖ్యం చివరిది. ఆగి ఉన్న కారును సైకిలే వెళ్ళి గుద్దితే గీత వెనక బంపరు మీదో బాడీ పక్కనో పడుతుంది. ఇక్కడ పడింది డోరు మూసినప్పుడు బయటికి కనిపించని లోపలి అంచు మీద. డోరు మూశాక ఆ ఫొటో దొరకదు, కాబట్టి అది ముందు తీయాలి. తర్వాత 7.14కి 112కి ఫోన్ చేశాను. ఈ 7.14 అనే అంకెను గుర్తుంచుకోండి, మళ్ళీ వస్తుంది.

ఆస్పత్రిలో "ఎలా తగిలింది?" అని అడిగినప్పుడు "సైకిల్ మీంచి పడ్డాను" అనడం మన అలవాటు. అలా అంటే కేస్‌షీట్‌లో అదే రాస్తారు, ఎమ్మెల్సీ (మెడికో లీగల్ కేసు) నమోదు కాదు, ఏడాది తర్వాత ఆ ఒక్క వాక్యమే కోర్టులో ఎదురు నిలుస్తుంది. "రోడ్డు ప్రమాదం, కారు డోరు తగిలింది, కారు నంబరు ఇదీ" అని చెప్పి, కేస్‌షీట్‌లో ఎక్కిందో లేదో చూసుకున్నాను. నర్సు రెండుసార్లు అడిగింది: "బైకా, సైకిలా?" సైకిల్ అనగానే పెన్ను ఆగింది. పోలీసు కేసు ఎందుకని ఆమె అనుమానం. మెడికో లీగల్ రిజిస్టరులో సైకిల్ అయినా, లారీ అయినా ఒకటే. మొదటి రోజు ఖర్చు: క్యాజువాలిటీ 900, ఎక్స్‌రే 850, స్లింగూ కాలర్ బోను బెల్టూ కలిపి 1,250, మందులు 480. మొత్తం 3,480. ప్లేటు వేయనక్కర్లేదు, ఆరు వారాలు చెయ్యి కదపకుండా ఉంటే అతుక్కుంటుందన్నారు. (2025 మేలో కేంద్రం తెచ్చిన నగదు రహిత చికిత్స పథకంలో ప్రమాదం జరిగిన రోజు నుంచి 7 రోజుల వరకు, లక్షన్నర దాకా చికిత్స ఉంది. నా కేసు నాటికి అది లేదు. ఇప్పుడు పడేవాళ్ళు కౌంటరులో అడగండి.)

మొదటి పొరపాటు నాదే. మర్నాడు దగ్గర్లోని మామూలు పోలీస్ స్టేషన్‌కు వెళ్ళి రెండు గంటలు కూర్చున్నాను. బెంగళూరులో రోడ్డు ప్రమాదాల కేసులు చూసేది ట్రాఫిక్ స్టేషన్లే, ఎఫ్ఐఆర్ కూడా అక్కడే. ఘటన ఏ స్టేషన్ పరిధిలో జరిగినా జీరో ఎఫ్ఐఆర్ అడిగే హక్కు కొత్త చట్టంలో (భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో) ఉంది కానీ, విరిగిన భుజంతో వాదించే ఓపిక లేక ట్రాఫిక్ స్టేషన్‌కే వెళ్ళాను. అక్కడి ఏఎస్సై అన్న మొదటి మాట: "గాడి నింతిత్తల్లా సార్, యాక్సిడెంట్ హేగాగుత్తె?" (బండి ఆగి ఉంది కదా, యాక్సిడెంట్ ఎట్లా అవుతుంది?) పక్కనున్న కానిస్టేబుల్‌ది కోలారు వైపు, తెలుగులో సర్ది చెప్పబోయాడు: "మీరే పోయి తగిలినట్టుంది కదప్పా. పైగా సైకిల్ లేన్ వేసినారు కదా, దాంట్లో పోవాల్సింది." ఆయన చెప్పేది 2020లో మెయిన్ క్యారేజ్‌వేలో ప్లాస్టిక్ కంబాలు పాతి చేసిన పాపప్ లేన్, అంటే తాత్కాలిక సైకిల్ దారి. మెట్రో పనుల్లో చాలాచోట్ల ఆ కంబాలే లేవు. లేని లేన్‌లో ఎందుకు పోలేదని అడిగితే ఏం చెప్పాలి?

అప్పటికి ఐపీసీ స్థానంలో భారతీయ న్యాయ సంహిత అమలులోకి వచ్చి రెండు నెలలు కూడా కాలేదు. గోడకు పాత సెక్షన్లూ కొత్త సెక్షన్లూ పక్కపక్కన వేసిన పట్టిక అంటించి ఉంది. రైటరు (స్టేషన్లో కేసులు రాసే పోలీసు) అలవాటుగా పాత 279 రాసి, కొట్టేసి, 281 వేశాడు. ఇక్కడ ఒక కిటుకు ఉంది. 281 చెప్పేది బండిని నిర్లక్ష్యంగా నడపడం గురించి. ఆగి ఉన్న కారుకు ఆ ఒక్క సెక్షనే పెడితే, "నడపలేదు కదా" అని అవతలివాళ్ళు సులువుగా తప్పించుకుంటారు. 125లో నడపడం అన్న మాటే లేదు. ఎదుటివాడి ప్రాణానికో భద్రతకో ముప్పు తెచ్చే ఏ నిర్లక్ష్యపు పనైనా చాలు. డోరు తీయడం కూడా పనే. మామూలు దెబ్బయితే 125(ఎ), తీవ్రమైన గాయమైతే 125(బి). ఎముక విరగడం చట్టం లెక్కలో తీవ్ర గాయం, 125(బి)కి మూడేళ్ళ దాకా శిక్ష ఉంది. ఎక్స్‌రే రిపోర్టు జిరాక్సు జతచేసి, ఫిర్యాదులో "వెనక వచ్చేవాళ్ళను చూసుకోకుండా నిర్లక్ష్యంగా డోరు తెరిచి" అన్న మాటలు స్పష్టంగా రాశాక 22న, అంటే మూడో రోజు, రెండు సెక్షన్లతో ఎఫ్ఐఆర్ అయింది. కాపీకి డబ్బు అడగకూడదు, అడగలేదు కూడా.

ఎఫ్ఐఆర్ కన్నడలో ఉంటుంది. ఇంటికొచ్చి చదివించుకుంటే సారాంశంలో "సైకిల్ కారుకు ఢీకొని" అని ఉంది. నా ఫిర్యాదులో లేని మాట! ఒకసారి నమోదైన ఎఫ్ఐఆర్‌ను దిద్దరు. మళ్ళీ వెళ్ళి మరు వాంగ్మూలం ఇచ్చాను. వాళ్ళ భాషలో 'ఫర్దర్ స్టేట్‌మెంట్'. డోరు అప్పుడే తెరిచారనీ, తగిలింది డోరు లోపలి అంచేననీ అందులో రాయించాను. స్టేషన్‌లోనే ఎవరిచేతనైనా చదివించుకుని ఉంటే ఒక రోజు మిగిలేది.

23న స్పాట్ మహజరు. మన వైపు పంచనామా అంటామే, అదే. రమ్మని పిలవకపోయినా సమయం కనుక్కుని వెళ్ళాలి, ఐదు మీటర్ల టేపు జేబులో పెట్టుకుని మరీ. హెడ్ కానిస్టేబుల్ అడుగులతో కొలవబోతే టేపు ఇచ్చాను, ఆయనా సంతోషించాడు. అదే కారును తెప్పించి అక్కడే నిలబెట్టాం. లెక్క ఇలా వచ్చింది: రోడ్డు వెడల్పు 5.6 మీటర్లు. ఫుట్‌పాత్ నుంచి కారు కుడి పక్క దాకా 2.05. తెరిచిన డోరు బయటికి వచ్చేది 0.95. నా హ్యాండిల్ వెడల్పు 0.62. ఫొటోలనుబట్టి హ్యాండిల్ ఎడమ కొస కారుకు అర మీటరు దూరంలో ఉంది. డోరు తగలకుండా పోవాలంటే కనీసం 1.1 మీటర్లు ఎడం కావాలి. అలా పోతే హ్యాండిల్ కుడి కొస ఫుట్‌పాత్ నుంచి 3.77 దగ్గర ఉంటుంది, వెనక వచ్చే బండికి మిగిలేది 1.83. అద్దాలతో కలిపి చూస్తే ఒక కారు పట్టదు. అంటే డోరును తప్పించుకునేంత దూరంగా తొక్కితే వెనక హారన్ల మోత, హారన్లకు భయపడి పక్కకు జరిగితే డోరు. "పక్కగా పో" అనేవాళ్ళు నన్ను ఎక్కడికి పొమ్మంటున్నారో ఆ రోజు టేపు మీద అంకెల్లో కనిపించింది. హెడ్ కానిస్టేబుల్ కాసేపు టేపువైపు చూసి, "అవునల్లా" అన్నాడు. ఈ కేసు మొత్తంలో నాకు కాస్త ఊపిరి ఆడిన క్షణం అదే.

గీత ఎత్తు కూడా కొలిపించాను. డోరు అంచు మీద గీత నేల నుంచి 97 సెంటీమీటర్లు, సైకిల్ హ్యాండిల్ గ్రిప్పు కూడా అంతే. మహజరులో రెండు అంకెలూ ఎక్కాయి. స్కెచ్‌లో మాత్రం ప్రమాద స్థలాన్ని ముందు రోడ్డు నడిమధ్యన గుర్తు పెట్టారు. సంతకానికి ముందే మార్పించాను. సంతకం అయ్యాక మార్చరు.

సీసీటీవీ సంగతి విడిగా చెప్పాలి. ఎదురుగా టైర్ల కొట్టు కెమెరాలో అంతా పడింది. ఆ డీవీఆర్ (కెమెరా దృశ్యాలు దాచే రికార్డరు) పదిహేను రోజులకోసారి పాతది చెరిపేసి కొత్తది ఎక్కించుకుంటుంది. ఓనరు మంచివాడే కానీ కోర్టంటే భయం. "పోలీసులు అడిగితే ఇస్తాను" అన్నాడు. ఎస్సై నుంచి చీటీ రాయించుకుని నాలుగో రోజుకు పెన్‌డ్రైవ్‌లో తీసుకున్నాను. దాంతోపాటు కొత్త సాక్ష్య చట్టం, భారతీయ సాక్ష్య అధినియమం, సెక్షన్ 63 కింద సర్టిఫికెట్ కావాలి. పాతది 65బి అనేవాళ్ళు. ఇప్పుడు అందులో రెండు భాగాలు: మొదటిది డీవీఆర్ ఎవరిదో వాళ్ళ సంతకంతో, రెండోది నిపుణుడి సంతకంతో, ఫైలు హ్యాష్ విలువతో (ఫైలు మారలేదని చూపే వేలిముద్ర లాంటి కోడుతో) సహా. వాట్సాప్‌లో పంపించుకున్న వీడియో హ్యాష్ అసలు దానితో కలవదు, కాబట్టి డీవీఆర్ నుంచి నేరుగా పెన్‌డ్రైవ్‌కే దించాలి.

వీడియో చూస్తుంటే గుండె గుభేలుమంది. నేను పడ్డందుకు కాదు. తెర మీద సమయం 7.21. నేను 112కి ఫోన్ చేసింది 7.14కి. ప్రమాదం జరగకముందే ఫోన్ చేశానన్నమాట! ఆ డీవీఆర్ గడియారం 11 నిమిషాలు ముందుంది. వెంటనే ఎస్సైకి చెప్పి, డీవీఆర్ తెరనూ ఫోన్ గడియారాన్నీ పక్కపక్కన పెట్టి ఫొటో తీసి, తేడాను రాతలో పెట్టించాను. ఏడు నెలల తర్వాత అవతలి వకీలు సరిగ్గా అదే అడిగాడు.

సైకిల్‌ను కూడా స్టేషన్‌లో పెట్టుకుంటారని నేను ఊహించలేదు. కారును ఆర్టీఓ ఇన్‌స్పెక్టరు చూసి ఐఎంవీ రిపోర్టు (బండి తనిఖీ నివేదిక) ఇస్తాడు, అది మామూలే. సైకిల్ 13 రోజులు వర్షంలో తడిసి సెప్టెంబరు 2న ఇంటికొచ్చింది, ముందు లైటు లేకుండా. అప్పగించేముందే లైట్లు, పంపు, మీటరు విప్పుకోవాలి. పెడల్ ఇరుసు కింద చెక్కి ఉండే ఫ్రేమ్ నంబరు ఫొటో తీసుకోవాలి, తిరిగి తీసుకునేటప్పుడు సైకిల్ మీదేనని నిరూపించే ఆర్సీ లాంటిది ఏదీ ఉండదు కదా. కొన్నప్పటి బిల్లు దొరికితే ఇంకా మేలు.

రిపేరు చేయించేముందు అంచనా బిల్లు రాయించుకున్నాను. ముందు రిమ్ వంకర తిరిగింది, ఫోర్కు (ముందు చక్రాన్ని పట్టి ఉంచే రెండు కాళ్ళ కడ్డీ) వెనక్కి వంగింది. ఫోర్కు వంగడం కంటికి తెలియదు. పెడల్ ముందుకు తెచ్చినప్పుడు బూటు కొస టైరుకు రాసుకుంటే అనుమానించాలి. బాగున్న చక్రం బిగించినా రిమ్ ఫోర్కు రెండు కాళ్ళ మధ్య సరిగ్గా నిలవకపోతే ఖాయం. మెకానిక్ బెండు తీసేస్తానన్నాడు, మూడొందలు చాలన్నాడు. అల్యూమినియం ఫోర్కుకు బెండు తీయించకూడదు, వంగినచోటే పగులు పుట్టి ఎప్పుడో బ్రేకు వేసినప్పుడు విరుగుతుంది. కొత్త ఫోర్కు 2,600, రిమ్, 32 స్పోక్‌లు, కూలీ 2,150, బ్రేకు లివరు 350. మొత్తం 5,100.

వూండ్ సర్టిఫికెట్‌ను, అంటే గాయాల ధ్రువపత్రాన్ని, ఆస్పత్రి మన చేతికి ఇవ్వదు, పోలీసులు అడిగితేనే వాళ్ళకిస్తుంది. అడిగే కాగితం స్టేషన్లో పది రోజులు నిద్రపోయింది. నేనే కానిస్టేబుల్‌తో ఆటోలో ఆస్పత్రికి వెళ్ళి ఇప్పించాను. సెప్టెంబరు 11న స్టేషన్ చేరింది.

కారు ఓనరుకు మోటారు వాహనాల చట్టం సెక్షన్ 133 కింద నోటీసు వెళ్ళింది, ఆ రోజు బండి ఎవరి చేతిలో ఉందో చెప్పమని. ఇన్సూరెన్స్ బతికి ఉందో లేదో నేను మొదటి రోజే ఎంపరివాహన్‌లో (బండ్ల వివరాలు చూపే ప్రభుత్వ యాప్‌లో) నంబరు కొట్టి చూశాను, ఉంది. లేకపోతే ఓనరు జేబులోంచే వసూలు చేసుకోవాలి. ఇంకో సంగతి: గంటకు 25 కిలోమీటర్లు దాటని, నంబరు ప్లేటు అక్కర్లేని చిన్న ఎలక్ట్రిక్ స్కూటర్లు గుద్దితే ఈ దారే ఉండదు. చట్టం దృష్టిలో అవి మోటారు వాహనాలు కావు, వాటికి ఇన్సూరెన్సూ ఉండదు. రాంగ్ సైడులో ఎదురొచ్చేవాటిలో ఇవి ఎన్నో రోజూ చూస్తూనే ఉన్నాం.

2022 ఏప్రిల్ నుంచి ఉన్న రూల్సు ప్రకారం పోలీసులు 48 గంటల్లో మొదటి ప్రమాద నివేదిక, 50 రోజుల్లో మధ్యంతర నివేదిక, 90 రోజుల్లో పూర్తి నివేదిక మోటారు ప్రమాదాల క్లెయిమ్ ట్రిబ్యునల్‌కు పంపాలి. బాధితుడి వివరాల ఫారం ఆరు మనం నింపి ఇవ్వాలి. నాకు ఎవరూ ఇవ్వలేదు, నేనే ప్రింటు తీసుకెళ్ళాను. నా కేసులో 90వ రోజు నవంబరు 18. ఛార్జిషీటు పడింది డిసెంబరు 6న. మధ్యలో ఒకసారి "బి రిపోర్టు రాసేద్దామా, రాజీ అయిపోండి" అన్నారు. బి రిపోర్టు అంటే కేసు మూసేయడం. అప్పుడు మాత్రం ఏడుపొచ్చింది. చెయ్యి అతుక్కుంది, సైకిల్ బాగైంది, ఇక దేనికి అనిపించింది. వీడియో ఉండగా మూయలేరని తెలిసి ఆగాను.

నష్టపరిహారం కోరుతూ ఆ ట్రిబ్యునల్‌లో వేసే క్లెయిమ్ పిటిషన్‌కు గడువు ప్రమాదం జరిగిన రోజు నుంచి ఆరు నెలలు. ఛార్జిషీటు కోసం చూస్తూ కూర్చుంటే అది దాటిపోతుంది. 2025 జనవరి 9న వేశాం. బెంగళూరులో ఈ కేసులు వినేది స్మాల్ కాజెస్ కోర్టు. ప్రమాదం ఇక్కడ జరిగినా, మీరు ఉండే ఊళ్ళోని ట్రిబ్యునల్‌లోనూ వేయొచ్చు. హిందూపురమో మదనపల్లో అయితే ఆ సౌకర్యం వాడుకోండి. వకీలు విషయంలో జాగ్రత్త. స్టేషన్ గేటు దగ్గరే ఒకాయన "వచ్చినదాంట్లో పాతిక శాతం" అంటూ కార్డు ఇచ్చాడు. వాటా మీద కేసు తీసుకోవడానికి బార్ కౌన్సిల్ నియమాలు ఒప్పుకోవు. నేను 15,000 ఖరారు ఫీజుకు ఇంకొకరిని పెట్టుకున్నాను.

మార్చిలో ఇన్సూరెన్స్ వాళ్ళ వకీలు మూడు మాటలన్నాడు. హెల్మెట్ పెట్టుకున్నాడా? పెట్టుకున్నాను, అయినా హెల్మెట్ తప్పనిసరి అన్న సెక్షన్ మోటారు సైకిళ్ళకే, తొక్కే సైకిళ్ళకు కాదు. ఫోన్ టైముకూ వీడియో టైముకూ పొంతన ఏదీ? మహజరుతోపాటు పెట్టిన ఫొటో చూపించాం. మూడోది ఊహించిందే: కారు వాడకంలో లేదు, ఆగి ఉంది. మా వకీలు 1991 నాటి సుప్రీంకోర్టు తీర్పు తీశారు, శివాజీ దయాను పాటిల్ కేసు. రోడ్డు పక్కన బోల్తా పడి ఉన్న పెట్రోలు ట్యాంకరు కొన్ని గంటల తర్వాత పేలి జనం చనిపోయారు. బండి కదులుతూ ఉండనక్కర్లేదు, నిలిచి ఉన్నా 'వాడకం'లో ఉన్నట్టేనని కోర్టు చెప్పింది. పోలీసుల దగ్గర ఆగస్టులో మొదలైన ప్రశ్నకు సమాధానం ముప్పై మూడేళ్ళుగా పుస్తకంలోనే ఉంది.

అయినా సైకిల్‌వాడిది కూడా 30 శాతం తప్పని వాళ్ళు పట్టుబట్టారు. జులైలో లోక్ అదాలత్‌లో కూర్చున్నాం. మా పిటిషన్‌లో అడిగింది 4 లక్షలు. మొదటి ఆఫరు 60,000. మహజరులోని కొలతలు బల్ల మీద పెట్టాక, ఇద్దరం కొంచెం కొంచెం జరిగి 1,10,000 దగ్గర ఆగాం. లోక్ అదాలత్‌లో ఒప్పుకుంటే అప్పీలు లేదు, అది తెలిసే సంతకం పెట్టాను. చికిత్స ఖర్చు మొత్తం 12,980, అందులో 14 రోజుల ఫిజియోథెరపీయే 5,600. ఆఫీసులో 23 రోజుల సిక్ లీవు పోయింది. లీవు కోతను చూపించే హెచ్ఆర్ లెటరు జతచేయకపోయి ఉంటే ఆ పద్దు లెక్కలోకి వచ్చేది కాదు.

డబ్బు సెప్టెంబరు రెండో వారంలో పడింది. డ్రైవరు మీద క్రిమినల్ కేసు వేరే కోర్టులో ఇంకా నడుస్తోంది, సాక్షిగా సమన్లు ఒకసారి వచ్చాయి, వాయిదా పడింది. ఎక్స్‌రే ఫిల్ములు అసలువి కోర్టు ఫైల్లోనే ఉన్నాయి. వెనక్కి కావాలంటే మెమో వేసుకోవాలట. భుజం చలికి సలిపినప్పుడు డాక్టరు పాత ఫిల్ములు తెమ్మంటున్నాడు. వచ్చే వారం మళ్ళీ కోర్టుకు వెళ్ళాలి.